గ్రీకు తత్వ పదాల పూర్వాశ్రమం

పొద్దున్నే పేపరు తిరగేస్తే ఏదో ఒక మూల 'కేంద్రం' తగులుతుంది. కేంద్రం నిధులిచ్చింది, కేంద్రం మొండిచెయ్యి చూపింది, ఇక కేంద్రంతోనే తేల్చుకుంటాం. ఇంత ఇంటి మాటగా వాడుకుంటున్న ఈ పదం మనకు సంస్కృతం నుంచి వచ్చింది గానీ సంస్కృతానికీ సొంతం కాదు. దీని మూలం గ్రీకు 'కెంత్రోన్'. కెంత్రోన్ అంటే ములుకోల మొన, ఎద్దునో గుర్రాన్నో పొడిచి కదిలించే ముల్లు. తేనెటీగ ముల్లునూ అదే మాటతో పిలిచారు. వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి పెట్టే మొనకు ఆ పేరే పెట్టారు, ఆ మొన దిగిన చోటుకూ అదే స్థిరపడింది. యవనుల, అంటే గ్రీకుల, జ్యోతిషంతోపాటు మన దేశం చేరి కేంద్రమైంది. జాతక చక్రంలో 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలనడం ఆ దారిలో వచ్చిందే. 'హోర' కూడా ఆ బండిలోనే దిగింది.

మనుషులకున్నట్టే మాటలకూ పూర్వాశ్రమం ఉంటుంది. తత్వశాస్త్రం పుస్తకాల్లో కనిపించే లోగోస్, దోక్సా, కతెగోరియా, అయితియా లాంటి పదాలు కాషాయం కట్టుకుని గంభీరంగా కూర్చుంటాయి. వాటిని 'హేతువు', 'అభిప్రాయం', 'పదార్థ విభాగం', 'కారణం' అని తెలుగు చేసి మనం ముందుకు వెళ్లిపోతాం. ఇంటిపేరు అడిగితే మాత్రం అవన్నీ కోర్టుల్లో, సభల్లో, బజార్లలో తిరిగిన సంసారులేనని తేలుతుంది. ప్లేటో, అరిస్టాటిల్ కొత్తగా పుట్టించిన మాటలు తక్కువ. ఊళ్లో నలుగురి నోటా నలుగుతున్న వ్యాజ్యపు మాటల్నీ పరిపాలన మాటల్నీ తీసుకుని మెలితిప్పిందే ఎక్కువ. ఆ మెలిక పట్టుకోకపోతే వాళ్ల వాదన సగమే అందుతుంది. ముఖ్యంగా ప్లేటో విషయంలో ఆ మెలిక వెనుక తన ఊరితో పెట్టుకున్న తగాదా ఉంది.

తెలుగు పాఠకుడికి ఇది అంత వింతగా తోచనక్కర్లేదు. కోర్టులో దొరికేదీ న్యాయమే, గౌతముడి తర్కమూ న్యాయమే. దేవుడి మీద చేసేదీ ప్రమాణమే, ప్రత్యక్షం, అనుమానం అంటూ తార్కికులు లెక్కపెట్టేవీ ప్రమాణాలే. బోనెక్కేవాడూ సాక్షే, వేదాంతి లోపల కూర్చుని అన్నీ చూస్తున్నదంటున్నదీ సాక్షే. కాకపోతే మనకు ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే ఉండి, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా బతికేస్తున్నాయి. ఏథెన్స్‌లో అవి వీధిన పడి కొట్టుకున్నాయి.

'ఇలా తోచింది'

ఏథెన్స్ అనగానే నగరం అనుకుంటాం. నిజానికి అది అట్టికా అనే ప్రాంతమంతా, దాదాపు 2,500 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో ఇప్పుడున్న ఒక మామూలు జిల్లా అంత. క్రీ.పూ. 4వ శతాబ్దంలో పౌరసత్వం ఉన్న వయోజన పురుషులు సుమారు 30,000 మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. 'పొలిస్' అంటే ఆ నేలా, ఆ గోడలూ అని కాదు, ఆ మనుషులు. ఒప్పందం రాసుకున్నా యుద్ధం ప్రకటించినా 'ఏథెన్స్' అని కాకుండా 'ఏథెన్స్‌వాళ్లు' అనే రాసుకునేవారు.

ఆ రాతలు వేల సంఖ్యలో రాళ్ల మీద మిగిలాయి. ఒక్కో శాసనం మొదట్లో అప్పుడు పాలనలో ఏ తెగ వంతు నడుస్తోందో, గుమస్తా ఎవరో, అధ్యక్షుడెవరో, తీర్మానం పెట్టినవాడెవరో పేర్లుంటాయి. వాటితోపాటు ఒక స్థిరమైన వాక్యం వస్తుంది: 'ఎదొక్సెన్ తే బౌలే కై తో దేమో.' మక్కీకి మక్కీ చెప్పాలంటే, 'బౌలేకూ దేమోస్‌కూ ఇలా తోచింది.' బౌలే 500 మంది సలహా సభ, దేమోస్ ప్రజ. చట్టానికి ఆధారం దైవాజ్ఞా కాదు, రాజశాసనమూ కాదు, సనాతన ధర్మమూ కాదు. తోచింది, అంతే. రేపు ఇంకోలా తోచవచ్చు. క్రీ.పూ. 427లో తమ మీద తిరగబడిన మితిలేనే నగరంలోని మగవాళ్లందరినీ చంపమని ఒకరోజు తీర్మానించి, మర్నాడు మళ్లీ కూడి వద్దనుకున్నారు. మొదటి ఆజ్ఞ మోసుకెళ్లిన ఓడ వెనకాలే రెండో ఓడను పరుగెత్తించారు. ఆ ఓడ వేళకు చేరింది కాబట్టి ఊరు బతికింది. తోచడంలోని బలమూ ప్రమాదమూ రెండూ ఆ రెండు ఓడల్లో ఉన్నాయి.

ఇప్పుడు 'దోక్సా' దగ్గరికి వద్దాం. 'ఎదొక్సెన్' అనే క్రియకు అది నామరూపం. ప్లేటో రాతల్లో దోక్సా నిజమైన జ్ఞానానికీ అజ్ఞానానికీ మధ్య ఊగిసలాడే సరుకు. అతడు చెప్పిన గుహ కథలో గోడకేసి కట్టేసి ఉన్నవాళ్లు నీడల్ని చూసి ఏర్పరచుకునేది అలాంటిదే. దీన్ని 'అభిప్రాయం' అని అనువదిస్తే జ్ఞాన సిద్ధాంతంలో ఒక మామూలు విభజనలా కనిపిస్తుంది. ఏథెన్స్ పౌరుడి చెవికి అది అలా వినిపించి ఉండదు. అతడి ఊళ్లో ప్రతి చట్టం నెత్తిన చెక్కి ఉన్న మాట అది. దోక్సా జ్ఞానం కాదనడం, ఆ రాళ్లన్నిటినీ ఒక్క తోపుతో పడదోయడమే. ప్లేటోను చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, తత్వం పాఠం కాస్తా రాజకీయ ప్రసంగంలా వినిపించడం మొదలవుతుంది.

పౌరులందరి సభ జరిగేది ప్నీక్స్ అనే గుట్ట మీద. 4వ శతాబ్దంలో ఏడాదికి 40 సార్లు కూడేవారు. కొన్ని తీర్మానాలకు కనీసం 6,000 ఓట్లు పడాలి. సభ మొదలవగానే దండోరా వేసేవాడు లేచి 'ఎవరు మాట్లాడతారు?' అని అడుగుతాడు. పౌరుడైతే చాలు, చెప్పులు కుట్టేవాడైనా ఎక్కి మాట్లాడవచ్చు. ఆ సమాన హక్కు పేరు 'ఇసెగొరియా'. అందరూ ఉరుకులు పరుగుల మీద వచ్చేవారని మాత్రం అనుకోవద్దు. క్రీ.పూ. 425లో ప్రదర్శించిన అరిస్తోఫనీస్ హాస్య నాటకం ఒకటి ఖాళీ ప్నీక్స్ మీదే మొదలవుతుంది. ఒక్క రైతు తెల్లారగట్లే వచ్చి కూర్చుని ఆవులిస్తూ ఉంటాడు. మిగతావాళ్లు కింద అగోరా అనే బజారులో కబుర్లాడుకుంటూ, ఎర్రరంగు పూసిన తాడుకు దొరక్కుండా అటూ ఇటూ తప్పించుకుంటుంటారు. బజారులో తచ్చాడుతున్నవాళ్లను సభ వైపు తరమడానికి వాడిన తాడు అది. బట్టకు రంగు అంటిందంటే పరువు పోయినట్టే.

చీటీ పడ్డవాడే అధికారి

ఏథెన్స్ అగోరా తవ్వకాల్లో దొరికిన వస్తువులు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక పాలరాతి పలక ముక్క ఉంది. దాని నిండా వరసలు వరసలుగా సన్నని గాళ్లు. పేరు 'క్లెరొతేరియోన్'. ఇది లాటరీ యంత్రం. పనిచేసే తీరు ఇలా ఉండేది. న్యాయస్థానంలో కూర్చోదలచినవాళ్లు తెల్లవారకముందే తమ పేరు చెక్కిన చిన్న పలకలు పట్టుకుని వస్తారు. కంచువి కొన్ని, తర్వాతి కాలంలో కొయ్యవి. వాటిని ఆ గాళ్లలో నిలువు వరసల్లో గుచ్చుతారు. పక్కనున్న గొట్టంలోకి తెల్లవీ నల్లవీ గోళీలు కలిపి పోస్తారు. గోళీలు ఒక్కొక్కటే కిందికి రాలతాయి. తెల్ల గోళీ పడితే పై అడ్డు వరసలో పలకలున్నవాళ్లంతా ఆ రోజుకు న్యాయమూర్తులు. నల్లది పడితే ఆ వరస అంతా ఇంటికి. తర్వాతి గోళీ తర్వాతి వరసకు. ఏ కోర్టులో కూర్చోవాలో కూడా మళ్లీ లాటరీయే తేలుస్తుంది. తన కేసు ఎవరి ముందుకు వస్తుందో తెల్లారేవరకు ఎవరికీ తెలియదు కాబట్టి లంచం ఇవ్వాలన్నా ఎవరి గుమ్మం తొక్కాలో తెలియదు.

ఈ వివరమంతా మనకు తెలియడం వెనుక ఒక చిన్న తమాషా ఉంది. అరిస్టాటిల్ బడిలో తయారైన ఏథెన్స్ రాజ్యాంగ చరిత్ర చాలాకాలం కనిపించకుండా పోయింది. చివరికి ఈజిప్టులో ఎవరో పొలం జమాఖర్చులు రాసి పారేసిన పాపిరస్ చుట్టల వెనుక వైపు నకలు చేసి ఉండగా దొరికింది. 1891లో లండన్‌లో అచ్చయింది. చిత్తుకాగితాల దయవల్ల బతికిన గ్రంథమది.

ఏటా 6,000 మంది న్యాయమూర్తులు, 500 మంది బౌలే సభ్యులు, దాదాపు అధికారులంతా లాటరీ ద్వారానే వచ్చేవారు. బౌలే అధ్యక్షుడైతే రోజుకొకడు. ఒక పగలు, ఒక రాత్రి ఖజానా తాళాలూ రాజముద్రా అతడి చేతిలో, జీవితంలో మళ్లీ ఆ పదవి రాదు. ఎన్నికలు పెట్టింది ప్రధానంగా పదిమంది సేనాపతులకూ, కొన్ని డబ్బు వ్యవహారాల పదవులకూ. అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో దీన్ని సూటిగా రాశాడు: చీటీ వేసి అధికారుల్ని ఎంచుకోవడం ప్రజాస్వామ్య లక్షణం, ఎన్నుకోవడం కొద్దిమంది పాలన లక్షణం. ఎన్నిక అంటే పేరున్నవాణ్నీ, డబ్బున్నవాణ్నీ, మాటకారినీ ఏరడమే గదా అని వాళ్ల లెక్క. మనం ఎన్నికలే ప్రజాస్వామ్యమనుకుంటాం. 'దేమొక్రతియా'ను ప్రజాస్వామ్యం అని అనువదించుకున్నప్పుడు అక్షరం తప్పలేదు గానీ సరుకు మారిపోయింది. లాటరీ మనకూ ఉంది. ఓట్లు సమానమైతే అధికారి చీటీ తీస్తాడు, మద్యం దుకాణాలకు లక్కీ డ్రా తీస్తారు. ఆ డ్రా హాలు దగ్గర గుమిగూడే జనాన్ని చూసినవాడికి, క్లెరొతేరియోన్ చుట్టూ మూగిన ఏథెన్స్ వేకువ ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు.

ప్లేటో గురువు సోక్రటీస్ మీద వచ్చిన నిందల్లో ఒకటి ఈ లాటరీ గురించే. ఓడ నడిపేవాణ్నీ, వడ్రంగినీ, పిల్లనగ్రోవి ఊదేవాణ్నీ చిక్కుడుగింజలతో చీటీ వేసి ఎవరూ పెట్టుకోరు, మరి ఊరిని నడిపేవాణ్ని అలా పెట్టుకోవడం మూర్ఖత్వం కాదా అని కుర్రాళ్ల దగ్గర అనేవాడట. ప్లేటో 'ప్రొతాగొరస్' అనే సంభాషణలో సోక్రటీస్ నోట ఇదే ప్రశ్నను మరోలా పెట్టాడు. ఓడలు కట్టాలంటే సభ ఓడల పనివాణ్ని పిలుస్తుంది, తెలియనివాడు లేచి మాట్లాడితే ఎగతాళి చేసి దింపేస్తుంది. ఊరి నిర్వహణ దగ్గరికొచ్చేసరికి కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, వర్తకుడు ఎవరు లేచినా వింటుంది, ఎందుకు?

దానికి ఆ సంభాషణలోని ప్రొతాగొరస్ అనే పండితుడు ఒక కథ చెబుతాడు. వృత్తి విద్యలు ఒక్కొక్కటి కొద్దిమందికే పంచారు, ఒక వైద్యుడు ఎందరికైనా చాలు. మనుషులు కలిసి బతకలేక ఒకరినొకరు చంపుకుంటుంటే దేవతల రాజు జ్యూస్ సిగ్గునూ న్యాయాన్నీ తన దూత హెర్మిస్ చేతికిచ్చి పంపాడు. వీటినీ వృత్తుల్లా పంచాలా, అందరికీ ఇవ్వాలా అని హెర్మిస్ అడిగితే, అందరికీ ఇవ్వు, కొద్దిమందికే ఉంటే ఊళ్లే నిలవవు అన్నాడు. ప్రజాస్వామ్యం తరఫున గ్రీకులో మిగిలిన వాదనల్లో ఇంత బలమైనది మరొకటి కనిపించదు. దాన్ని మనదాకా మోసుకొచ్చినవాడు ప్రజాస్వామ్యమంటే గిట్టని ప్లేటో కావడం అతడి గొప్పతనమే అనాలి.

నేరం నుంచి కారణానికి

'కతెగోరియా' అంటే అరిస్టాటిల్ పుస్తకంలో పదార్థ విభాగం: ద్రవ్యం, పరిమాణం, గుణం, సంబంధం అంటూ పది. కోర్టులో దాని అర్థం ప్రాసిక్యూషన్. 'కత' అంటే ఎదురుగా, వ్యతిరేకంగా. మిగతాది అగోరా నుంచి వచ్చిన మాట. నలుగురిలో నిలబెట్టి ఒకడి మీద మాట మోపడం కతెగోరియా, మోపేవాడు 'కతెగొరోస్'. అరిస్టాటిల్ ఈ మాటను మనుషుల మీంచి తీసి వస్తువుల మీద పెట్టాడు. 'ఇతడు దొంగ' అనడమూ 'ఇది తెల్లన' అనడమూ ఆకారంలో ఒకటే, ఒకదాని మీద ఇంకొకటి మోపడం. దీన్ని తెలుగులో వివరించడానికి కష్టపడక్కర్లేదు, 'ఆరోపణ' ఉంది. మంత్రి మీద వచ్చేదీ ఆరోపణే, తాడు మీద పాము గుణాన్ని మోపడమూ ఆరోపమే. ఇంగ్లీషు మీదుగా 'కేటగిరీ' అని నేర్చుకున్నవాళ్లకు అది ఖాళీ డబ్బాలా కనిపిస్తుంది. 'ఆరోపణ' గుండా వెళితే బోనూ, వేలెత్తి చూపే చెయ్యీ కనిపిస్తాయి.

'అయితియా'ది ఇంకా పాత కథ. దాని తొలి అర్థం నింద, నేరబాధ్యత. చరిత్రకారుడు హెరొదొతస్ తన గ్రంథాన్ని మొదలుపెడుతూ గ్రీకులూ, గ్రీకులు కానివాళ్లూ ఏ 'అయితియా' వల్ల కొట్టుకున్నారో చెబుతానంటాడు. వెంటనే వచ్చే పేజీల్లో ఎవరు ఎవరి అమ్మాయిని ఎత్తుకుపోయారన్న లెక్కలే. అంటే తప్పెవరిదనే విచారణ. వైద్యులు ఆ మాటను రోగాలకు వాడారు, అరిస్టాటిల్ నాలుగు రకాల కారణాలుగా విడదీశాడు. 'దీనికంతటికీ కారణం నువ్వే' అని ఇంట్లో కోపంగా అన్నప్పుడు 'కారణం'లో ఏ వాసన వస్తుందో, అయితియాలో మొదటి నుంచీ ఆ వాసనే ఉంది. ప్రపంచాన్ని నిలదీసి 'ఇది ఎవరి పని?' అని అడగడంతో మొదలైన ప్రశ్న, ఎవరినీ నిందించకుండా 'ఇది ఎందువల్ల?' దాకా రావడానికి తరాలు పట్టింది.

లోగోస్‌ను బ్రహ్మపదార్థం స్థాయికి ఎత్తేశారు గానీ అది మొదట లెక్క. ఏడాది పదవి ముగిశాక ప్రతి అధికారీ 'యూథునా' అనే తనిఖీకి నిలబడాలి. 'లొగిస్తై' అనే లెక్కల తనిఖీదారుల ముందు 'లోగోన్ దిదొనై', అంటే లెక్క అప్పజెప్పాలి. దారినపోయే పెద్దమనుషుల్ని ఆపి ధైర్యమంటే ఏమిటి, భక్తి అంటే ఏమిటి అని సోక్రటీస్ అడిగినప్పుడు వాడిందీ ఆ మాటే. పదవికి సంజాయిషీ ఇచ్చినట్టు బతుక్కు సంజాయిషీ ఇమ్మన్నాడు. లాఖెస్ లాంటి సేనాపతికి అది ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో ఆ మాట పుట్టుక తెలిస్తేనే అర్థమవుతుంది.

చీకటిగా ఉండే మాట ఒకటుంది, 'బసనోస్'. గీటురాయి. బంగారాన్ని రాసి చూసే నల్లరాయి. తెలుగులో గీటురాయిని మనం హాయిగా వాడతాం, నాణ్యతకు గీటురాయి, నిజాయితీకి గీటురాయి. గ్రీకులో కూడా అలాగే మొదలైంది. ఏథెన్స్ కోర్టుల్లో దానికి ఇంకో అర్థం పట్టింది. బానిస సాక్ష్యం చెల్లాలంటే అతణ్ని హింసించి రాబట్టాలి, ఆ హింస పేరు బసనోస్. స్వతంత్రుడు నోటితో చెబితే చాలు, బానిస ఒంటిని రాతి మీద గీసి చూడాలి. కక్షిదారులు తమ బానిసల్ని హింసకు ఇస్తామనీ, ఎదుటివాడు ఒప్పుకోలేదనీ సవాళ్లు విసురుకోవడం ఇప్పటికీ మిగిలిన కోర్టు ప్రసంగాల్లో కనిపిస్తుంది. ప్లేటో 'గోర్గియాస్'లో సోక్రటీస్ తన ప్రతివాదితో, నా ఆత్మ బంగారమైతే దాన్ని పరీక్షించే రాయి నువ్వే అంటాడు. అక్కడ సరసంగానే ఉంటుంది. 'సత్య పరీక్ష' అనే గ్రీకు ఆదర్శాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ రెండో అర్థాన్ని ఎక్కువగా దాటేస్తారు. దాటేయకూడదు. వెండి గనుల దగ్గర, వంటిళ్లలో, చివరికి సభలో కాపలా కాసే పోలీసుల్లో కూడా బానిసలున్న ఊరు అది. ప్రజలందరి పాలన అంటున్న చోట ఆడవాళ్లకు ఓటు లేదు. క్రీ.పూ. 451లో ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ తెచ్చిన చట్టం తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్లయితేనే కొడుక్కి పౌరసత్వం.

ఈ మాటల ప్రయాణం ఏథెన్స్‌తోనే మొదలు కాలేదు. అంతకుముందే, క్రీ.పూ. 6వ శతాబ్దంలో, మిలేతస్‌కు చెందిన అనక్సిమందర్ విశ్వాన్ని కోర్టులా చూశాడు. వస్తువులు ఒకదానికొకటి చేసుకున్న అన్యాయానికి, కాలం విధించిన క్రమంలో 'దికే', పరిహారం చెల్లించుకుంటాయన్నాడు. ఎండ వానను ఆక్రమిస్తుంది, వాన వచ్చి జరిమానా వసూలు చేస్తుంది. క్రొటోన్ వైద్యుడు ఆల్క్‌మేయోన్ ఆరోగ్యమంటే ఒంట్లోని తడి, పొడి, వేడి, చలి మధ్య 'ఇసొనొమియా' అన్నాడు, రోగమంటే వాటిలో ఒకదాని 'మొనార్ఖియా'. సమాన హక్కులు, ఏకవ్యక్తి పాలన అనే రాజకీయ మాటలు నాడి పట్టే చోటికి వచ్చేశాయి. వాత పిత్త కఫాల సమస్థితి గురించి విన్న మనకు భావం కొత్త కాదు గానీ, జ్వరాన్ని నియంత అనడం మాత్రం కొత్తే.

ఊరు లేనివాడి 'రాజకీయ ప్రాణి'

'ఇదియోతేస్' గురించి ఒక ముక్క. రాజకీయాల్లో పాల్గొననివాణ్ని గ్రీకులు ఇడియట్ అనేవారని ఎన్నికల ముందు వాట్సాప్‌లో తిరిగే సందేశం సగం నిజం కూడా కాదు. ఇదియోతేస్ అంటే పదవిలో లేని మామూలు మనిషి, లేదా ఒక విద్యలో నిపుణుడు కానివాడు. వైద్యుడి ముందు మనమంతా ఇదియోతేస్‌లమే. మందబుద్ధి అనే అర్థం ఆ మాటకు చాలా తర్వాత, వేరే భాషల్లో పట్టింది. పెరిక్లిస్ ప్రసంగంగా చరిత్రకారుడు థుసిదిదీస్ రాసినదాంట్లో, ఊరి పనుల్లో పాలుపంచుకోనివాణ్ని తమ పని తాము చూసుకునేవాడు అనకుండా 'పనికిరానివాడు' అంటామని ఉంది. తిట్టు ఉంది, కానీ మాట వేరు.

'మనిషి స్వభావం చేత పొలిస్‌లో బతికే ప్రాణి' అన్నది అరిస్టాటిల్ మాట. అతడు ఉత్తరాన స్తగీరా నుంచి వచ్చినవాడు, ఏథెన్స్‌లో 'మెతోయికోస్', అంటే స్థిరపడిన పరాయివాడు. మగ మెతోయికోస్ ఏడాదికి 12 ద్రఖ్మాల తల పన్ను కట్టాలి. ప్నీక్స్ మీద మాట్లాడే హక్కు లేదు, అట్టికాలో నేల కొనే హక్కు లేదు. లీకియోన్‌లో బడి నడిపినా ఆ జాగాకు యజమాని కాలేకపోయాడు. పౌరుడంటే ఎవరు అన్న ప్రశ్నకు, తీర్పులోనూ పదవిలోనూ వాటా ఉన్నవాడు అని నిర్వచనం ఇచ్చాడు, ఆ రెండింట్లోనూ తనకు వాటా లేని ఊళ్లో కూర్చుని. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన దేశంలో దశాబ్దాలుగా పన్నులు కడుతూ ఓటు లేకుండా బతుకుతున్న తెలుగువాళ్లకు ఈ స్థితి వివరించనక్కర్లేదు. అన్నట్టు ఆ ద్రఖ్మా కూడా మనకు చుట్టమే. సంస్కృతంలో ద్రమ్మమై, హిందీలో దామ్, దమ్‌డీ అయి, చివరికి తెలుగులో 'దమ్మిడీకి కొరగాడు' అని తిట్టేదాకా వచ్చింది.

క్రీ.పూ. 399లో సోక్రటీస్ విచారణలో ఈ మాటలన్నీ మళ్లీ తమ పుట్టింటికి వచ్చాయి. ఊరి దేవుళ్లను నమ్మడనీ, కుర్రాళ్లను చెడగొడుతున్నాడనీ మెలేతస్ కతెగొరోస్‌గా నిలబడ్డాడు, అనీతస్, లైకోన్ తోడొచ్చారు. సోక్రటీస్ ఇచ్చిన జవాబు 'అపొలొగియా', అంటే ప్రతివాది సమాధానం. ఇంగ్లీషు గుండా వచ్చి దాన్ని 'క్షమాపణ' అనుకున్నవాళ్లు బోల్తా పడతారు, అందులో ఆయన క్షమాపణ ఎక్కడా చెప్పడు. మెలేతస్‌ను నిలదీసి 'ఎలెంఖోస్', అంటే ప్రశ్నల పరీక్ష, చేశాడు. వీధుల్లో ఇన్నేళ్లూ చేసిన పనినే చట్టం ఇచ్చిన హక్కుతో కోర్టులో చేశాడు. లాటరీలో వచ్చిన దాదాపు 500 మంది న్యాయమూర్తులు ఎదురుగా కూర్చున్నారు.

మాట్లాడే సమయాన్ని 'క్లెప్సిద్రా' కొలిచేది, అడుగున సన్నని గొట్టం ఉన్న మట్టి కుండ. అగోరాలో దొరికిన ఒక కుండలో నీళ్లు అయిపోవడానికి సుమారు 6 నిమిషాలు పట్టింది. కేసును బట్టి అలాంటి కుండలు ఎన్నో పోస్తారు, ఎన్ని పోసినా విచారణ ఒక్కరోజులో ముగియాల్సిందే. మరణశిక్ష కేసుల్ని కొన్ని ఊళ్లలోలా చాలా రోజులు విచారించే చట్టం ఇక్కడా ఉంటే మిమ్మల్ని ఒప్పించేవాణ్ని, ఇంత తక్కువ సమయంలో ఇంత పెద్ద అపవాదును కడుక్కోలేను అన్నాడు సోక్రటీస్. ప్లేటో ఆ కుండను మరచిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత రాసిన 'థీయెతేతస్'లో కోర్టు మనిషినీ తత్వవేత్తనూ పక్కపక్కన నిలబెట్టి, ఒకణ్ని కారే నీళ్లు తరుముతుంటాయనీ, రెండోవాడికి 'స్ఖోలే', అంటే తీరిక ఉంటుందనీ రాశాడు. మన పిల్లలు పరుగులు పెడుతూ వెళ్లే 'స్కూలు' ఆ తీరిక నుంచి వచ్చిన మాటే.

దోషి అని తీర్పు వచ్చింది. ముప్పై ఓట్లు అటునుంచి ఇటు మారితే విడుదలయ్యేవాణ్నని ఆయనే లెక్కగట్టాడు. శిక్ష ఏమిటో చట్టంలో లేదు. కతెగొరోస్ ఒకటి అడగాలి, దోషి ఇంకొకటి అడగాలి, రెండింట్లో ఒకదాన్ని న్యాయమూర్తులు ఎంచాలి. మెలేతస్ మరణం అడిగాడు. సోక్రటీస్ ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు తనకూ ఊరి ఖర్చుతో భోజనం పెట్టమన్నాడు. తర్వాత తనకున్నది ఒక మినా, అంటే 100 ద్రఖ్మాలు అన్నాడు. ప్లేటో, క్రితో, మరో ఇద్దరు మిత్రులు హామీ ఉంటామంటే 30 మినాల జరిమానాకు సరేనన్నాడు. న్యాయమూర్తులకు ఇంకోలా తోచింది.

జైల్లో చివరి రోజు ఆత్మ అమరత్వం మీద చర్చ సాగుతుండగా, ఆయన మిత్రుల్ని ఒక మాట హెచ్చరించాడని ప్లేటో 'ఫీదో'లో రాశాడు. సోక్రటీస్‌ను పట్టించుకోకండి, సత్యాన్ని పట్టించుకోండి, నా ఉత్సాహంలో నన్నూ మిమ్మల్నీ మోసం చేసి, తేనెటీగలా మీలో ముల్లు దించి వెళ్లిపోతానేమో చూసుకోండి అన్నాడట. ముల్లుకు అక్కడ ఉన్న గ్రీకు మాట కెంత్రోన్.